జల కాలుష్య అనుమతులు, వాటి అమలు: బహిరంగ సమాచారం

కర్మాగారమైనా, పురపాలక సంస్థ అయినా తన వ్యర్థ జలాలను వాగులోకో, చెరువులోకో, సముద్రంలోకో, మురుగు కాల్వలోకో, నేల మీదికో వదలాలంటే ముందుగా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి పొందాలి. 1974 నాటి జల (కాలుష్య నివారణ, నియంత్రణ) చట్టం పెట్టిన నియమం ఇది. ఎంత నీరు, ఏ నాణ్యతతో, ఎక్కడికి వదలవచ్చో ఆ సమ్మతి పత్రంలో ఉంటుంది. షరతులు పాటిస్తున్నారో లేదో కొలతల్లో తెలుస్తుంది. పాటించనప్పుడు ఏం చేశారో నోటీసుల్లో, ఉత్తర్వుల్లో, కోర్టు తీర్పుల్లో నమోదవుతుంది. అనుమతి, కొలత, చర్య అనే ఈ మూడు రకాల కాగితాల్లో అధిక భాగాన్ని పౌరులు చూడవచ్చు. అయితే భారతదేశంలో మూడూ ఒకేచోట దొరకవు. వాటిని పక్కపక్కన పెట్టి చదివే పని మండలి చేయదు, చూడదలచినవారే చేసుకోవాలి.

చట్టం ఇచ్చిన తాళంచెవి

కాలుష్య సమాచారం అనగానే అందరికీ 2005 నాటి సమాచార హక్కు చట్టం గుర్తొస్తుంది. అంతకు మూడు దశాబ్దాల ముందే జల చట్టం తలుపు తెరిచింది. 25వ సెక్షన్ ఆరో ఉపసెక్షన్ ప్రకారం ప్రతి రాష్ట్ర మండలీ తాను విధించిన షరతుల వివరాలతో ఒక రిజిస్టరు నిర్వహించాలి. ఒక కాల్వకు, అందులోంచి వచ్చే వ్యర్థ జలానికి సంబంధించినంత మేరకు ఆ రిజిస్టరును ఆ స్థలంతో సంబంధం ఉన్నవారు, దానివల్ల ప్రభావితమయ్యేవారు, లేదా వారు పంపిన మనిషి పని వేళల్లో వచ్చి చూసుకోవచ్చు. రిజిస్టరులో ఉన్న షరతే తిరుగులేని సాక్ష్యమని కూడా చట్టం చెప్పింది. అంటే వాగు ఒడ్డున పొలమున్న రైతుకు ఈ హక్కు 1970ల నుంచే ఉంది. ఇంత బలమైన నిబంధనను వాడుకునేవారు అరుదు. అది ఉందని ఊళ్లలో చెప్పినవారు లేరు, కార్యాలయాల్లో గోడకు రాసి పెట్టినవారూ లేరు.

1988 సవరణ మరో దారి ఇచ్చింది. 49వ సెక్షన్ కింద 60 రోజుల ముందు నోటీసు ఇచ్చి ఏ పౌరుడైనా నేరుగా కోర్టులో ఫిర్యాదు చేయవచ్చు. అలా ఫిర్యాదు చేసినవారు అడిగితే మండలి తన దగ్గరున్న సంబంధిత నివేదికలను ఇవ్వాలి. ప్రజా ప్రయోజనానికి విరుద్ధమని భావిస్తే మాత్రం నిరాకరించవచ్చు. సమాచార హక్కు చట్టం దీన్ని ఇంకా విస్తరించింది. ఆ చట్టం 4వ సెక్షన్ ప్రకారం తాము ఇచ్చిన పర్మిట్లు, అధికార పత్రాలు ఎవరెవరికి దక్కాయో ప్రభుత్వ సంస్థలు ఎవరూ అడగకుండానే ప్రకటించాలి. ప్రైవేటు కంపెనీ దగ్గరుండే సమాచారమైనా, మరో చట్టం కింద ప్రభుత్వ సంస్థ దాన్ని తెప్పించుకోగలిగితే అది కూడా పౌరుడు అడగదగిన సమాచారమే. ఫైళ్లను తనిఖీ చేయడం, నమూనాలు తీసుకోవడం కూడా ఈ హక్కులో భాగమని చాలామందికి తెలియదు.

సమ్మతి పత్రాన్ని చదవడం

దేశంలో చాలాచోట్ల సీటీఈ, సీటీఓ అని పిలిచే పత్రాలను ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సీఎఫ్ఈ, సీఎఫ్ఓ అంటారు. మొదటిది నిర్మాణానికి, రెండోది నడపడానికి. ఆంధ్రప్రదేశ్ మండలి 1976లో ఏర్పడింది. రాష్ట్ర విభజన తర్వాత 2014లో తెలంగాణకు వేరే మండలి వచ్చింది, దాని ప్రధాన కార్యాలయం హైదరాబాద్ సనత్‌నగర్‌లో ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ దరఖాస్తులు జాతీయ ఇన్ఫర్మాటిక్స్ కేంద్రం తయారుచేసిన ఆన్‌లైన్ సమ్మతి వ్యవస్థ ద్వారా నడుస్తాయి. సమ్మతి కమిటీల సమావేశాల మినిట్స్ మండళ్ల వెబ్‌సైట్లలో పెడుతుంటారు. తుది ఉత్తర్వు కంటే ఒక్కోసారి ఈ మినిట్స్ ఎక్కువ చెబుతాయి. పాత ఉల్లంఘనలు, తనిఖీ అధికారి అభిప్రాయం, కమిటీ సందేహాలు అందులో ఉంటాయి కాబట్టి.

సీఎఫ్ఓ చేతికి వస్తే మొదట చూడాల్సింది గడువు. రెండోది ఉత్పత్తుల పట్టిక: ఏ సరుకు, రోజుకు ఎన్ని కిలోలు. ఉల్లంఘనల్లో పెద్ద భాగం ఇక్కడే మొదలవుతుంది. అనుమతి లేని సరుకు తయారుచేయడం, ఉన్నదాన్ని పరిమితికి మించి చేయడం. మూడోది అవుట్‌లెట్ల పట్టిక. ఎన్ని కాల్వలు, ఒక్కోదాంట్లో రోజుకు ఎన్ని కిలోలీటర్లు, చివరికి ఎక్కడికి పోవాలి అన్నవి అందులో ఉంటాయి. తర్వాత షెడ్యూల్ ఏలో అందరికీ వర్తించే షరతులు, షెడ్యూల్ బీలో ఆ కర్మాగారానికే ప్రత్యేకమైన షరతులు. షెడ్యూల్ ఏ అన్ని పత్రాల్లోనూ దాదాపు ఒకేలా ఉంటుంది, కళ్లతో దాటేయవచ్చు. చదవాల్సింది బీ.

నీరు చివరికి ఎక్కడికి పోతుందన్న గడి మీద వేలు పెట్టి ఆగాలి, పరిమితిని నిర్ణయించేది అదే. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమాల ఆరో షెడ్యూల్‌లోని సాధారణ ప్రమాణాల ప్రకారం నదులు, చెరువుల వంటి లోతట్టు జలాల్లోకి వదిలే నీటిలో బీఓడీ (సేంద్రియ వ్యర్థాలు కుళ్లడానికి పట్టే ఆక్సిజన్) లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదు. అదే నీరు సాగు భూమికి పోతే 100 వరకు, శుద్ధి కేంద్రానికి చేరే మురుగు కాల్వలోకి పోతే 350 వరకు ఒప్పుకుంటారు. ఆయా పరిశ్రమలకు మొదటి షెడ్యూల్‌లో విడిగా ప్రమాణాలుంటే అవే వర్తిస్తాయి. ఫలానా కంపెనీ నీటిలో బీఓడీ 90 ఉందని పత్రికలో వస్తే, అది నేరమో కాదో ఆ అంకె ఒక్కటే చెప్పలేదు. ఏ అవుట్‌లెట్, ఎక్కడికి అన్నది తెలియాలి.

చట్టంలో ఒక చిక్కు కూడా ఉంది. అన్ని వివరాలతో దరఖాస్తు అందిన నాలుగు నెలల్లోగా మండలి ఇస్తామనీ అనకుండా, నిరాకరించనూ నిరాకరించకుండా ఊరుకుంటే సమ్మతి దక్కినట్టే లెక్క. అలాంటప్పుడు వెతికేవారికి సమ్మతి ఉత్తర్వే కనబడకపోవచ్చు, కనబడేది దరఖాస్తు తేదీ మాత్రమే. ఇక మండలి కాదన్నంత మాత్రాన కథ ముగిసిపోదు. 28వ సెక్షన్ కింద అప్పీలేట్ అథారిటీ ఉంది. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాల పరివాహక ప్రాంతంలోని పెద్దషాపూర్‌లో ఆముదం నూనె ఉత్పత్తుల పరిశ్రమకు మండలి కాదంటే, అప్పీలేట్ అథారిటీ 1998లో ఇమ్మంది. ఆ వివాదమే సుప్రీంకోర్టుకు వెళ్లింది. పర్యావరణానికి హాని జరగదని నిరూపించే బాధ్యత పరిశ్రమదేనన్న తీర్పు 1999లో అక్కడి నుంచే వచ్చింది. ఒక పరిశ్రమ చరిత్ర వెతికేటప్పుడు అప్పీలు ఫైలును వదిలేస్తే సగం కథే తెలుస్తుంది.

జీరో అని రాసిన చోట

హైదరాబాద్ చుట్టుపక్కల, విశాఖ జిల్లాల్లో ఉన్న బల్క్ డ్రగ్ (మందుల ముడిపదార్థాల) పరిశ్రమల సమ్మతి పత్రాల్లో కొత్తగా చదివేవారిని తికమకపెట్టే మాట జీరో లిక్విడ్ డిశ్చార్జ్, అంటే ఆవరణ దాటి చుక్క నీరు బయటికి రాకూడదు. వ్యర్థ జలాలను లవణాలు ఎక్కువున్నవి, తక్కువున్నవి అని రెండుగా విడదీస్తారు. ఈ రంగంలో వాటిని హెచ్‌టీడీఎస్, ఎల్‌టీడీఎస్ అంటారు. మొదటి రకాన్ని స్ట్రిప్పర్‌లో సాల్వెంట్లు తీసేసి, ఎంఈఈ అనే ఆవిరి యంత్రాల్లో మరిగించి, మిగిలిన చిక్కటి ద్రవాన్ని ఏటీఎఫ్‌డీ అనే ఆరబెట్టే యంత్రంలో ఎండబెట్టి ఉప్పుగా మారుస్తారు. ఆ ఉప్పు ప్రమాదకర వ్యర్థాల పూడ్చివేత కేంద్రానికి పోవాలి. తెలంగాణలో దుండిగల్, ఆంధ్రలో పరవాడ అందుకు స్థలాలు. ఆవిరి చల్లారి వచ్చిన నీటిని మళ్లీ వాడుకోవాలి.

ఇక్కడ కాల్వే లేదు కనుక కాల్వ పరిమితీ ఉండదు. మరి నిఘా పెట్టేదెలా? లెక్క చూడాలి. రోజుకు 100 కిలోలీటర్ల హెచ్‌టీడీఎస్ వస్తుందని, దాన్లో లీటరుకు 30 గ్రాముల లవణాలున్నాయని కంపెనీయే రాసిందనుకోండి. రోజుకు 3 టన్నుల ఉప్పు బయటికి రావాలి, ఏడాదికి దగ్గర దగ్గర వెయ్యి టన్నులు. ప్రమాదకర వ్యర్థాల నియమాల కింద కంపెనీ మండలికి ఏటా సమర్పించే నాలుగో ఫారంలో అంత ఉప్పు కనబడాలి. అందులో 200 టన్నులే ఉంటే మిగతా ఉప్పు ఎటు పోయిందన్న ప్రశ్న న్యాయమైనదే. ఎంఈఈకి ఎంత ఆవిరి కావాలో, దానికి బాయిలర్ ఎంత బొగ్గు మండించాలో కూడా లెక్క కట్టవచ్చు. ఆవిరి యంత్రాలు నడపడం ఖర్చుతో కూడిన పని. వానాకాలం రాత్రుళ్లు వరద నీటితో కలిపి వదిలేస్తున్నారన్న ఫిర్యాదులు పారిశ్రామిక వాడల పక్క ఊళ్లలో వినిపించేది ఆ ఖర్చు వల్లే. ఈ ఫిర్యాదును రుజువు చేయడానికి రాత్రిపూట తీసిన ఫొటో కంటే ఈ ఉప్పు లెక్క గట్టిది.

కొలతలు

కర్మాగారం నుంచి వచ్చే కొలతలు ప్రధానంగా మూడు రకాలు. మొదటిది మండలి అధికారులు తీసే నమూనా. 21వ సెక్షన్ దీనికి కట్టుదిట్టమైన పద్ధతి పెట్టింది: యజమానికి నోటీసు ఇవ్వాలి, అతని ఎదుటే నమూనాను రెండుగా పంచి సీలు వేసి సంతకాలు తీసుకోవాలి. ఈ పద్ధతి తప్పితే ఆ ఫలితం కోర్టులో చెల్లదు. రైతు సీసాలో పట్టుకొచ్చిన నీటిని మంచి ప్రయోగశాలలో పరీక్ష చేయించినా దానికి ఈ చట్టబలం రాదు. తనిఖీ చేయించమని అడగడానికి మాత్రం గట్టి ఆధారమవుతుంది.

రెండోది ఆన్‌లైన్ మీటర్లు. 17 రకాల అధిక కాలుష్య పరిశ్రమలు నిరంతర పర్యవేక్షణ పరికరాలు పెట్టుకోవాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014 ఫిబ్రవరిలో ఆదేశించింది. పీహెచ్, బీఓడీ, సీఓడీ, తేలియాడే ఘనపదార్థాలు, ప్రవాహం వంటి విలువలు రాష్ట్ర, కేంద్ర మండళ్ల సర్వర్లకు పోతుంటాయి, పరిమితి దాటితే సంక్షిప్త సందేశం వెళుతుంది. 2017 ఫిబ్రవరి 22న పర్యావరణ్ సురక్షా సమితి కేసులో సుప్రీంకోర్టు, శుద్ధి యంత్రాంగం పనిచేయని పరిశ్రమలను నడవనీయవద్దని చెబుతూ, ఆన్‌లైన్ పర్యవేక్షణ సమాచారం రాష్ట్ర మండళ్ల పోర్టళ్లలో ప్రజలకు కనబడాలని కూడా అంది. ఆచరణ రాష్ట్రానికో తీరుగా ఉంది. తెర మీద ఈ క్షణపు అంకె కనబడినా, గత ఏడాది ఫలానా తేదీ రాత్రి రెండింటికి ఎంతుందో చూపే పాత రికార్డు సామాన్యుడికి చిక్కదు. కావాల్సింది అదే కదా! అడిగేటప్పుడు మీటరు పనిచేయని గంటల జాబితా కూడా అడగాలి. పరిమితి దాటిన విలువల కంటే ఖాళీ గడులు ఎక్కువ అనుమానించదగినవి.

మూడోది కంపెనీ స్వయంగా ఇచ్చే లెక్క. సమ్మతి అవసరమైన ప్రతి పరిశ్రమా మార్చి 31తో ముగిసే ఏడాదికి సెప్టెంబరు 30 లోగా అయిదో ఫారంలో పర్యావరణ నివేదిక ఇవ్వాలి. ఎంత నీరు వాడారు, ఎంత కాలుష్యం వదిలారు, ప్రమాణానికి ఎంత శాతం తేడా వచ్చింది, ఎందుకు అన్నవి అందులో కంపెనీ సొంత మాటల్లో ఉంటాయి. తనిఖీలో తప్పించుకోగలిగినవారు ఇలాంటి బీరువా కాగితాల దగ్గర ఏమరుపాటుగా ఉంటారు. 1977 నాటి జల సెస్ చట్టం కింద నీటి వాడకంపై కంపెనీలు ఇచ్చే రిటర్నులు కూడా ఒకప్పుడు మంచి ఆధారం. 2017లో జీఎస్టీ రాకతో ఆ సెస్ పోయింది, దాంతోపాటు ఆ సమాచార మార్గమూ మూసుకుపోయింది.

పర్యావరణ అనుమతి తీసుకున్న పెద్ద ప్రాజెక్టులు 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం ఏటా జూన్ 1న, డిసెంబరు 1న షరతుల అమలు నివేదికలు ఇవ్వాలి. ఆ అనుమతి పత్రాలు కేంద్ర ప్రభుత్వ పరివేశ్ పోర్టల్‌లో దొరుకుతాయి. పర్యావరణ అనుమతి వేరు, మండలి సమ్మతి వేరు. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు. ఇంకొకటి అందరి కళ్లెదుటే ఉంటుంది: ప్రమాదకర వ్యర్థాల కేసులో 2003 అక్టోబరు 14న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ప్రకారం కర్మాగారం గేటు బయట బోర్డు మీద వ్యర్థ జలాల, వాయు ఉద్గారాల, ప్రమాదకర వ్యర్థాల వివరాలు రాయాలి. వెలిసిపోయిన బోర్డు, రెండేళ్ల నాటి తేదీ ఉన్న బోర్డు కూడా సమాచారమే.

నదుల సంగతి వేరు. జాతీయ జల నాణ్యతా పర్యవేక్షణ కార్యక్రమం కింద కేంద్ర మండలి ఏటా నదులు, చెరువులు, భూగర్భ జలాల ఫలితాలు ప్రచురిస్తుంది. బీఓడీని బట్టి కలుషిత నదీ భాగాలను అయిదు వర్గాలుగా విడదీస్తుంది. 30 దాటితే మొదటి వర్గం. అలాంటి భాగాలు 2018 లెక్కలో 351, 2022 నివేదికలో 311. మూసీ 2018 జాబితాలో మొదటి వర్గంలో ఉంది. ఈ పట్టికలు నది జబ్బును చెబుతాయి, ఎవరు కారణమో చెప్పవు. నదీ పర్యవేక్షణ కేంద్రాన్నీ, దాని ఎగువన ఉన్న అవుట్‌లెట్లనూ ఒకే పటం మీద చూపే అధికారిక సాధనం ఉంటే సగం పని తగ్గేది.

పటాన్‌చెరులో పత్రం చూడనిది

తెలుగు ప్రాంతంలో ఈ విషయం మీద అన్నింటికంటే ఎక్కువ కాగితం పుట్టించిన ఊరు పటాన్‌చెరు. పారిశ్రామిక కాలుష్యంపై నక్కవాగు, మంజీర ఆయకట్టు రైతుల తరఫున 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. పొలాల నష్టాన్ని జిల్లా న్యాయమూర్తి చేత అంచనా వేయించారు, పరిహారం చెల్లించమన్నారు. కేసు 2001లో హైకోర్టుకు బదిలీ అయింది. చిన్న పరిశ్రమల వ్యర్థాలను ట్యాంకర్లలో తెచ్చి శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం 1990లలో వచ్చింది. శుద్ధి అయిన నీటిని 18 కిలోమీటర్ల గొట్టపు మార్గంతో నగర మురుగు వ్యవస్థకు కలిపి, అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపే ఏర్పాటు తర్వాత జరిగింది.

2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు లార్సన్, ఆయన సహచరులు ఈ ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించి, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటిబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని ప్రచురించారు. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండే గాఢత కన్నా అది ఎక్కువ. ప్రపంచమంతా మాట్లాడుకున్న ఆ అంకె మండలి ఫైళ్లలోంచి రాలేదు, వచ్చే వీలూ లేదు. సమ్మతి పత్రాల్లో బీఓడీ, సీఓడీ ఉన్నాయి, మందుల అవశేషాలకు పరిమితి లేదు. పరిమితి లేనిదాన్ని ఎవరూ కొలవరు. యాంటిబయాటిక్ అవశేషాలకు పరిమితులతో కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో ముసాయిదా విడుదల చేసింది. 2021 ఆగస్టులో బల్క్ డ్రగ్ పరిశ్రమల తుది ప్రమాణాలు వచ్చేసరికి ఆ పరిమితులు కనబడలేదు. రికార్డులన్నీ తెప్పించుకుని అన్నీ పరిమితుల్లోనే ఉన్నాయని సంతోషించే ముందు, పరిమితుల జాబితాలో ఏం లేదో చూడాలి.

నగరమూ కాలుష్య కారకమే

సమ్మతి నియమం పురపాలక సంస్థలకూ వర్తిస్తుంది. కేంద్ర మండలి 2021లో ప్రచురించిన లెక్కల ప్రకారం దేశ పట్టణాల్లో రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగు పుడుతుంటే, ఏర్పాటైన శుద్ధి సామర్థ్యం 31,841. నిజంగా శుద్ధి అవుతున్నది 20,235. మిగిలినదంతా సమ్మతి లేకుండా నదుల్లో కలుస్తున్నట్టే. పత్రికలు ఫార్మా కంపెనీల మీద చూపే శ్రద్ధలో నాలుగో వంతు మురుగు శుద్ధి కేంద్రాల సీఎఫ్ఓల మీద చూపినా చాలు. ఈ కేంద్రాలు ప్రభుత్వానివే కనుక వ్యాపార రహస్యం అనే సాకు ఇక్కడ పనిచేయదు. ఏ ప్రమాణంతో పోల్చాలో మాత్రం ముందే తేల్చుకోవాలి. 2017 కేంద్ర నోటిఫికేషన్ ఒక అంకె చెబుతుంది, జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లో అంతకంటే కఠినమైన అంకె చెప్పింది.

చర్య తీసుకున్నారా?

ఉల్లంఘన దొరికాక కాగితాల వరస సాధారణంగా ఇలా నడుస్తుంది: తనిఖీ నివేదిక, షోకాజ్ నోటీసు, టాస్క్‌ఫోర్స్ కమిటీ ముందు విచారణ, ఆపై 33ఏ సెక్షన్ కింద ఆదేశం. 1988లో చేర్చిన ఈ సెక్షన్‌తో మండలి కర్మాగారాన్ని మూయించవచ్చు, కరెంటు, నీరు ఆపించవచ్చు. కరెంటు కోత కోసం విద్యుత్ పంపిణీ సంస్థకు రాసిన లేఖ, దానిపై ఆ సంస్థ చర్య తేదీ విడిగా అడిగితే, ఆదేశం కాగితం మీదే ఉండిపోయిందో లేదో తెలిసిపోతుంది. మూసివేత ఉత్తర్వు పత్రికల్లో వార్త అవుతుంది. కొన్ని వారాలకే బ్యాంకు గ్యారంటీ తీసుకుని ఇచ్చే తాత్కాలిక ఎత్తివేత ఉత్తర్వు వార్త కాదు. రెండూ కలిపి చదవని పరిశోధన ఏదైనా అమలును ఎక్కువ చేసి చూపిస్తుంది.

పర్యావరణ పరిహారానికి కేంద్ర మండలి ఒక సూత్రం పెట్టింది. కాలుష్య సూచీ, ఉల్లంఘన రోజులు, రూపాయల గుణకం, పరిశ్రమ పరిమాణం, ప్రాంతం: ఈ అయిదింటినీ గుణిస్తారు. కాలుష్యం ఎక్కువగా ఉండే పరిశ్రమల ఎరుపు వర్గానికి సూచీ 80, గుణకం 100 నుంచి 500 మధ్య, మామూలుగా 250. పెద్ద పరిశ్రమకు 1.5. జనాభా 10 లక్షలు మించని ప్రాంతంలో ఎరుపు వర్గపు పెద్ద పరిశ్రమ 30 రోజులు ఉల్లంఘిస్తే 80, 30, 250, 1.5 గుణించగా 9 లక్షల రూపాయలు. వెయ్యి కోట్ల కంపెనీకి ఇది టీ ఖర్చు. ఉల్లంఘన రోజుల్ని ఎలా లెక్కపెట్టారన్నదే ఇక్కడ కీలకం. తనిఖీ చేసిన ఒక్క రోజా, సమ్మతి గడువు తీరిన నాటి నుంచా? అందుకే మొత్తం ఒక్కటే అడగకుండా లెక్క కట్టిన పట్టిక కూడా అడగాలి. ఇలాంటి పరిహారం విధించే అధికారం మండళ్లకు ఉందని సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో స్పష్టం చేసింది.

2024 జల చట్ట సవరణ చాలా ఉల్లంఘనలకు జైలు శిక్ష స్థానంలో 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా పెట్టింది. మొదట హిమాచల్ ప్రదేశ్, రాజస్థాన్, కేంద్రపాలిత ప్రాంతాలకే వర్తించింది, మిగతా రాష్ట్రాలు శాసనసభ తీర్మానంతో స్వీకరించాలి. జరిమానా వేసేది కోర్టు కాదు, నిర్ణయాధికారి. ఆ ఉత్తర్వులు ఎక్కడ ప్రచురిస్తారన్నది ఇకపై పౌరులు పట్టించుకోవాల్సిన విషయం.

కోర్టుల సమాచారం మాత్రం తేలిగ్గా దొరుకుతుంది. 2010లో ఏర్పడిన జాతీయ హరిత ట్రైబ్యునల్ ఉత్తర్వులన్నీ వెబ్‌సైట్‌లో ఉంటాయి, తెలుగు రాష్ట్రాల కేసులు చెన్నై బెంచికి వెళతాయి. ట్రైబ్యునల్ వేసే సంయుక్త కమిటీల నివేదికలు అన్నింటికన్నా విలువైనవి. మామూలుగా ఎంత అడిగినా ఇవ్వని ప్రయోగశాల ఫలితాలు వాటి అనుబంధాల్లో ఉంటాయి. లోక్‌సభ, రాజ్యసభ ప్రశ్నోత్తరాల్లో రాష్ట్రాలవారీగా ఎన్ని పరిశ్రమలు తనిఖీ చేశారు, ఎన్నింటిని మూశారు అన్న పట్టికలు వస్తుంటాయి. కాగ్ 2011-12లో దేశంలో జల కాలుష్యంపై విడిగా ఒక నివేదికే ఇచ్చింది.

అమెరికా పద్ధతి

అమెరికాలో 1972 నాటి శుద్ధ జల చట్టం నీటి వనరులోకి వ్యర్థాలు వదిలే ప్రతి గొట్టానికీ పర్మిట్ తప్పనిసరి చేసింది, గడువు అయిదేళ్లకు మించదు. పర్మిట్ ఉన్నవారు తమ నీటిని తామే పరీక్షించుకుని నివేదిక పంపాలి, అబద్ధం రాస్తే నేరం. వ్యర్థ జలాల కొలతలను వ్యాపార రహస్యంగా దాచడానికి వీల్లేదని చట్టమే చెప్పింది. మన చట్టానికి లేని పదును ఇది. పర్యావరణ పరిరక్షణ సంస్థ నడిపే ఎకో అనే సమాచార నిధి 2002 నుంచి ఉంది. అందులో ఊరి పేరు కొడితే ఒక్కో సంస్థ పర్మిట్, గత 12 త్రైమాసికాల ఉల్లంఘనలు, తనిఖీలు, జరిమానాలు ఒకే పేజీలో కనబడతాయి. అక్కడ ఉండే తెలుగువారు తమ ఇంటి పక్క వాగు సంగతి పది నిమిషాల్లో చూసుకోవచ్చు. అక్కడా లోపాలున్నాయి. రాష్ట్రాలు పంపే సమాచారంలో ఖాళీలుంటాయి, ఎలక్ట్రానిక్ నివేదికల నియమం 2015లో గానీ రాలేదు. సమాచారం కనబడినంత మాత్రాన చర్య జరగదని కూడా ఆ దేశ అనుభవం చెబుతోంది. 2009లో న్యూయార్క్ టైమ్స్ అంతకుముందు అయిదేళ్లలో అయిదు లక్షలకు పైగా ఉల్లంఘనలను లెక్కగట్టింది, వాటిలో చాలావాటికి శిక్ష పడలేదని రాసింది. ఆ లెక్క కట్టగలిగారంటే రికార్డు బయట ఉండబట్టే.

అడగబోయేవారికి

మొదట ప్రాంతీయ కార్యాలయానికి వెళ్లి 25వ సెక్షన్ ఆరో ఉపసెక్షన్ పేరు చెప్పి రిజిస్టరు చూపమనండి. మీ భూమికో, మీ ఊరి నీటికో ఆ కాల్వతో ఉన్న సంబంధాన్ని రాతపూర్వకంగా ఇవ్వండి. చూపకపోతే కాదన్నట్టు రాసివ్వమనండి. సమాచార హక్కు దరఖాస్తు తర్వాతి మెట్టు, 30 రోజుల గడువుతో. మండలి కంపెనీ అభిప్రాయం కోరితే 11వ సెక్షన్ కింద అది 40 రోజులవుతుంది. వ్యాపార రహస్యమంటూ 8వ సెక్షన్ చూపితే, ప్రజా ప్రయోజనం పెద్దదైనప్పుడు ఇవ్వాలని అదే సెక్షన్‌లో ఉందని అప్పీలులో రాయండి. తయారీ ఫార్ములా అడగకండి, దాచడానికి వారికి సాకు దొరుకుతుంది. వదిలిన నీటి లెక్క అడగండి. "కాలుష్యంపై తీసుకున్న చర్యలు తెలుపగలరు" అని రాస్తే "నిబంధనల ప్రకారం చర్యలు తీసుకుంటున్నాం" అనే జవాబే వస్తుంది. కర్మాగారం పేరు, సర్వే నంబరు, సీఎఫ్ఓ ఉత్తర్వు నంబరు, కావాల్సిన నెలలు, కావాల్సిన ఫారం పేర్కొంటూ ఒక్కో కాగితాన్నీ విడివిడిగా అడగండి.